పసుపుగుడ్డ కట్టిన కుళాయి

ఇప్పుడు చెప్పబోయేది ఒక మహాయుద్ధం కథ. ఇందులో కొత్తగా పుట్టిన రాజ్యం ఉంది. దాని సింహాసనం కోసం కలబడే వీరులున్నారు. ఒకే ఇంట్లో రెండు పక్షాలున్నాయి. శిలాశాసనం ఉంది, వెన్నుపోట్లున్నాయి, ఆఖర్న అమ్మవారు స్వయంగా నోరు విప్పి తీర్పు చెప్పడం కూడా ఉంది. తీరికున్నవాడు పద్దెనిమిది పర్వాలు రాసుకోవచ్చు.

నేను రాయను. ఎందుకంటే ఇదంతా ఒక కుళాయి గొడవ. వీధి మొగలో సిమెంటు దిమ్మకి బిగించిన మామూలు ఇత్తడి కుళాయి.

మా బస్తీ టాటానగర్‌లో, సిద్ధగోరా పేట దాటాక నదివైపు వాలులో ఉంటుంది. బస్తీకి ఎగువన ఒక గోడ. గోడకి అవతల కంపెనీ క్వార్టర్లు. అక్కడ కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి. గోడకి ఇవతల మేము. మాకొక బోరింగు ఉండేది. కొడితే ముందు దగ్గేది, తర్వాత మూలిగేది, ఆ తర్వాత తుప్పు రంగులో ఏదో కొంచెం వదిలేది. తాగే నీళ్లకి అమ్మ గోడ చుట్టూ తిరిగి, క్వార్టర్లలో తెలిసినావిడ ఇంటికెళ్లి, చంకన ఒక బిందె, చేత్తో ఒక బిందె పట్టుకుని వాలు దిగేది. ఏళ్ల తరబడి దిగింది. ఎడమ భుజం అరిగిపోయింది. ఆ చెయ్యి చెవి దాటి పైకి లేచేది కాదు. జుట్టు ముడేసుకోవాలంటే చేతిని తల దగ్గరికి కాదు, తలనే చేతి దగ్గరికి తెచ్చుకునేది. డాక్టరు బరువులు ఎత్తొద్దన్నాడు.

"అలాగే బాబూ," అంది అమ్మ. "నీళ్లు కూడా బరువులోకే వత్తాయా?"

కాబట్టి సంగతి సులువు. కుళాయి తెరిస్తే అమ్మ భుజం మిగులుతుంది, తెరవకపోతే మిగలదు. మిగతా రాజకీయమంతా దాని చుట్టూ ముసిరిన ఈగలు.

పైపులు వేశారు, దిమ్మ కట్టారు, కుళాయి బిగించారు. వీధి చివర గుంటలో ఉన్న వాల్వు తిప్పడం ఒక్కటే మిగిలింది. దానికి ఉద్ఘాటన్ కావాలి. అంటే ఒక పెద్దమనిషి వచ్చి రిబ్బను కత్తిరించి, దండ వేయించుకుని, చప్పట్లు కొట్టించుకోవాలి. ఎవరా పెద్దమనిషి అన్న దగ్గర యుద్ధం మొదలైంది.

అప్పటికి మేమున్న ఈ హిందీ రాష్ట్రం పుట్టి పదేళ్లు నిండలేదు. నాకంటే చిన్నది, వరసకి చెల్లెలవుతుంది. ఇద్దరికీ కుదురు లేదు. నేను ఇంటరు తప్పి, సప్లిమెంటరీ రాసి, ఫలితం కోసం ఇంట్లో కాళ్లూపుకుంటూ కూర్చున్నాను. రాష్ట్రం ముఖ్యమంత్రుల్ని మార్చుకుంటూ కూర్చుంది. కుర్చీ వెచ్చబడే లోపే కొందరు దిగిపోయేవారు. ఏ పార్టీ లేకుండా ఒంటరిగా గెలిచిన ఎమ్మెల్యేకి, రైల్వే ఉద్యోగమున్న పెళ్లికొడుక్కి ఉన్నంత గిరాకీ.

ఆ కుర్చీ కోసం కొట్టుకునే రెండు పార్టీలూ మా ఇంట్లో కూడా ఉండేవి. ఒకటి పెదనాన్న. ఆదిత్యపూర్‌లో లేతు మిషన్ల షెడ్డులో సూపర్‌వైజరు, మా బస్తీ ఆంధ్రా సంఘానికి అధ్యక్షుడు. రెండోది మావయ్య, అమ్మకి సొంత అన్న. టాటానగర్ స్టేషన్లో పార్సిళ్లు దించే కూలీలకి మేస్త్రీ, అదే సంఘానికి కార్యదర్శి. కుర్రతనంలో ఇద్దరూ పలాసలో ఒకే రైలెక్కి, ఒకే కిటికీ దగ్గర వంతులేసుకుని కూర్చుని వచ్చినవాళ్లే. రాష్ట్రం వచ్చేదాకా బాగానే ఉన్నారు. వచ్చాక మాత్రం, ప్రత్యేక రాష్ట్రం కోసం జరిగిన ఊరేగింపులో నడిచిన ఆంధ్రావాడు తానొక్కడేనని ఇద్దరూ చెప్పుకోవడం మొదలెట్టారు. మావయ్య మోకాలి మీద మచ్చ చూపించి లాఠీ దెబ్బ అనేవాడు. సైకిల్ మీంచి పడ్డాడని అమ్మ అనేది. నాన్న ఏమీ అనేవాడు కాదు. అయితే షిఫ్టులో ఉండేవాడు, లేదంటే షిఫ్టు దిగి నిద్రలో ఉండేవాడు. మా ఇంట్లో అలీన దేశం ఆయనొక్కడే.

ఇంకొక్క సంగతి చెప్పాలి. అమ్మ పెదనాన్నతో నేరుగా మాట్లాడదు. మా వైపు తమ్ముడి పెళ్లాం బావగారి ఎదుట కూర్చోదు, ఆయన పేరు పలకదు, ఏదైనా చెప్పాలంటే మధ్యలో ఒక మనిషిని పెట్టుకుంటుంది. మనిషి దొరక్కపోతే గోడతో చెబుతుంది. గోడ కూడా లేనిచోట మేకతో చెప్పడం నేను చూశాను. ఇంటరు తప్పాక నేను ఎప్పుడూ ఇంట్లోనే దొరికేవాణ్ణి, అందుకని మేకకి విశ్రాంతి.

మొదటి విడత పెదనాన్నది. వాళ్ల ఎమ్మెల్యే మంత్రి అయ్యాడు. కుళాయి పక్కన నిలబెట్టే రాతిపలక మీద హిందీలో వాక్యం రాసిపెట్టమని నన్ను పిలిచాడు. ఆయన హిందీ లేతు మిషన్ల మధ్య నేర్చుకున్నది. అందులో సగం తిట్లు. రాతి మీద చెక్కించడానికి పనికిరావు.

"మాననీయ అని మొదలెట్టు," అన్నాడు.

"ఎన్ని మాననీయలు పెట్టమంటావు పెదనాన్నా?"

"రాయి పట్టినన్ని."

"మరి నీ పేరు?"

"కింద సిన్నగా పెట్టు." కాస్త ఆగి మళ్లీ అన్నాడు, "మరీ సిన్నగా ఒద్దు."

పాలరాతి పలక వచ్చింది. తేదీ చోటు ఖాళీగా వదిలాం. మంత్రిగారి మనిషి ఇదిగో ఫోను చేస్తానన్నాడు, అదిగో చేస్తానన్నాడు. పెదనాన్న చొక్కా జేబులోంచి ఫోను తీసేవాడు, చూసేవాడు, పెట్టేవాడు, మళ్లీ తీసేవాడు. అన్నం తింటూ లేచేవాడు. మోగితే చాలు, నిలబడి "జీ సర్" అనేవాడు. గ్యాసు బండ తెచ్చేవాడికి కూడా ఒకసారి ఆ మర్యాద దక్కింది.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం టీవీలో కిందిపట్టీ మీద "మద్దతు ఉపసంహరణ" అని పరిగెత్తింది. సాయంత్రానికి ప్రభుత్వం లేదు. పెదనాన్న మా ఇంటి అరుగు మీదకొచ్చి కూర్చున్నాడు, మనిషి పోయిన ఇంటికి వచ్చినట్టు. అమ్మ గుమ్మం పక్కన నిలబడి, కొంగు సర్దుకుని, నాతో అంది:

"మీ పెదనాన్నని అడగరా. మంత్రి రాజీనామా సేసినాడు, సరే. నీళ్లు కూడా సేసీసినాయేటి?"

పెదనాన్న కూడా నన్నే చూసి జవాబిచ్చాడు. "మీ అమ్మకి సెప్పు. పెద్దోళ్లెవులూ రాకుండా కుళాయి తిప్పితే, బస్తీకి పరువేటుంటాది?"

"ఆ పరువు కింద బిందె పెట్టమను. ఎన్నొత్తాయో సూద్దాం."

ఇద్దరికీ మధ్య రెండు మూరల దూరం. నేను చేరవేయడానికి ఏమీ లేదు. అయినా పద్ధతి పద్ధతే కాబట్టి తల అటోసారి ఇటోసారి తిప్పేవాణ్ణి, పింగ్‌పాంగ్ చూస్తున్నవాడిలా.

కొన్నాళ్లకి కొత్త ప్రభుత్వం వచ్చింది. ఈసారి వంతు మావయ్యది. వాళ్ల నాయకుడు మంత్రి అయ్యాడన్న కబురు స్టేషన్నుంచి మావయ్య కంటే ముందు మిఠాయి పొట్లం రూపంలో మా ఇంటికి చేరింది. మర్నాడే మావయ్య కుళాయి దగ్గర పడున్న పలక చుట్టూ తిరుగుతూ కనిపించాడు. పెదనాన్న కూడా వచ్చాడు. ఆ ఏడాది ఎవరు ఎక్కడ నిలబడినా రెండోవాడు అక్కడికి రాకుండా ఉండలేకపోయేవాడు.

"బావా, ఈ రాయి ఊరికే పడుంది గదా. తిరగేసి ఎనకపక్క సెక్కిత్తాను."

"ఎనకపక్కా? మా మంత్రి ఎనకాల మీ మంత్రా?"

"రాజకీయమంటే మరేటి బావా? ఒకడి ఎనకాల ఇంకొకడే గదా."

"నా రాయి ముట్టుకున్నావంటే బాగుండదు సెప్తన్నాను."

"నీ రాయేటి, సంఘం రాయి. సంఘానికి కార్యదర్శిని నాను."

"అద్దిచ్చుణ్ణి నాను!"

"మరి రెండు పక్కలున్నాయి గదా రాయికి. ఒక పక్క అధ్యక్షుడు, ఒక పక్క కార్యదర్శి. భగవంతుడే అలాగ సేసినాడు."

పెదనాన్న వంగి, రాయికి నిజంగా రెండో పక్క ఉందో లేదో చూశాడు. రెండో వైపు వాక్యం కూడా నేనే రాశాను. మొదటి వైపుది చూసి పేర్లు మార్చాను, మాననీయలు అలాగే ఉంచాను. ఇద్దరు మంత్రులు ఒకే రాతికి వీపులానించుకుని నిలబడ్డారు. పాపం, ఇద్దరికీ ఒకరి మొహం ఒకరు చూసే బాధ లేదు. తేదీ కూడా చెక్కించేద్దామని మావయ్య ఉబలాటపడ్డాడు. నేనే ఆపాను. ఇంటరు తప్పినవాడికి తేదీల మీద నమ్మకం ఉండదు.

ఆపడం మంచిదైంది. ఎమ్మెల్యేల్ని బస్సులెక్కించి ఎక్కడికో తీసుకెళ్లారని వార్త వచ్చింది. ఎక్కడికన్నది ఒక్కో ఛానెల్ ఒక్కోటి చెప్పింది. వాళ్లు తిరిగొచ్చేసరికి ఈ ప్రభుత్వం కూడా లేదు. ఈసారి దాని వెనక మరొకటి రాలేదు. రాష్ట్రపతి పాలన పెట్టారు. పలకకి మూడో వైపు లేదు కాబట్టి ఒక రకంగా అదీ మంచిదే.

ఆ ఎండాకాలం బస్తీలో ఎవరూ ఒకచోట నిలబడలేదు. పెదనాన్న షెడ్డులో పని మధ్యలో బయటికొచ్చి ఫోను చూసుకునేవాడు. మావయ్య ప్లాట్‌ఫారం మీద ఈ చివర్నుంచి ఆ చివరికి, రాని రైలు కోసం ఎదురుచూసేవాడిలా నడిచేవాడు. నేను రోజూ ఫలితం వచ్చిందేమోనని నెట్ సెంటర్‌కి వెళ్లి, రాలేదని తెలుసుకుని, ఇంటికొచ్చి మళ్లీ వెళ్లేవాణ్ణి. కుళాయి మాత్రం కుదురుగా నిలబడి ఉండేది. దాని పక్కనుంచే అమ్మ రోజూ ఖాళీ బిందెలతో వాలెక్కి, నిండు బిందెలతో దిగేది. దిగేటప్పుడు ఒకసారి ఆగి, బిందెల్ని అటుది ఇటు, ఇటుది అటు మార్చుకునేది. ఆగే చోటు సరిగ్గా కుళాయి దగ్గరే. దాన్ని ఏమీ అనేది కాదు. మనుషుల్ని ఇంత చూశాక వస్తువుల్ని ఏమంటాం?

వాల్వు తిప్పే పొడుగాటి తాళంచెవి లైన్‌మన్ దగ్గర ఉండేది. హిందీవాడు, ముసలాయన, మంచివాడు. నేను వెళ్లి బతిమాలితే ఒకటే మాట చెప్పేవాడు. "ఊపర్ సే ఆర్డర్ ఆనే దో బేటా." పైనుంచి ఆర్డరు రావాలట. పైన ఎవరున్నారు బాబా అంటే, ఆకాశం వైపు చూసి, అదే నాకూ తెలియట్లేదనేవాడు.

ఇంతలో మావయ్యకి ఒక ఉపాయం తట్టింది. మంత్రులు లేనప్పుడు ఆఫీసర్లే రాజులు కదా. బ్లాకు ఆఫీసులో ఒక సాబ్‌ని పట్టుకుని, అమ్మవారి పండక్కి ముందే ఉద్ఘాటన్ చేయించేస్తానని బస్తీ అంతా చెప్పాడు. అమ్మ ఆ రోజు అన్నగారికి చేపల పులుసు వండిపెట్టింది. ఆ పులుసు వాసన పెదనాన్న ఇంటిదాకా వెళ్లింది. రాజకీయాల్లో సమాచారం ఇలాగే లీకవుతుంది.

మర్నాడు పొద్దున్న చూస్తే కుళాయికి పసుపుగుడ్డ కట్టి ఉంది. వేపమండలు గుచ్చి ఉన్నాయి. దిమ్మకి మూడు కుంకుంబొట్లు. పక్కన పెదనాన్న స్నానం చేసి, పంచె కట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కుళాయి అమ్మోరికి ఒప్పజెప్పేసినాం," అన్నాడు. "పండగ అయ్యేదాకా ఎవులూ ముట్టుకోడానికి లేదు."

మా బస్తీలో కొత్తిల్లయినా, కొత్త తోపుడుబండయినా అమ్మవారి పేరు చెప్పి గుడ్డ కడితే, పండగ ఊరేగింపులో అమ్మవారి ఘటం వచ్చి విప్పేదాకా దాని మీద చెయ్యి వెయ్యరు. ఆఫీసర్ కాదు కదా, గవర్నర్ వచ్చినా వెయ్యనివ్వరు. పెదనాన్న కొట్టిన దెబ్బకి తిరుగులేదు. పార్టీ ఆఫీసుల్లో ఇలాంటి బుర్ర ఉన్నవాళ్లుంటే ఆ ప్రభుత్వాలు అన్నిసార్లు పడిపోయేవి కావు.

అమ్మ ఆ రోజు కూడా నీళ్లకి వెళ్లింది. వచ్చి బిందెలు దించి, "మీ పెదనాన్నకి సెప్పరా, గుడ్డ మంచి రంగులో ఉందని," అంది. అంతే.

ఇంత తెలివిలోనూ పెదనాన్న ఒక చిన్న విషయం మర్చిపోయాడు. కట్టిన గుడ్డ ఘటం వచ్చి విప్పాలి. ఘటానికి చేతులుండవు. కాబట్టి విప్పేది ఘటం మోసే ఆడమనిషి. ఆ ఏడు ఘటం మా అమ్మది. నేను ఇంటరు పాసవ్వాలని మొక్కుకుంది. తప్పింది నేను, మోత ఆవిడది. ఆ మొక్కు సంఘంలో చదివి వినిపించి, కొబ్బరికాయ కొట్టి ఖాయం చేసింది అధ్యక్షుడైన పెదనాన్నే.

పండగ రోజు. పసుపు రాసి, కుంకం పెట్టి, వేపమండలు చుట్టి, పైన దీపం పెట్టిన ఘటాన్ని అమ్మ తలకెత్తారు. కుడి చేత్తో పట్టుకుంది. ఎడమ చెయ్యి లేవదు కదా, పక్కన వేలాడుతోంది. డప్పులు ముందు, సన్నాయి వెనక. ఇద్దరు నాయకులు ఘటానికి చెరో పక్క, ఎవరు అర అడుగు ముందున్నారని చూసుకుంటూ నడుస్తున్నారు.

ఘటం మోసేవాళ్లు చెప్పుల్లేకుండా నడవాలి. చైత్రమాసం ఎండకి మా రోడ్డు మీద అప్పడం కాల్చుకోవచ్చు. అందుకే పెద్దలు ఒక ఏర్పాటు చేశారు. ప్రతి ఇంటి ముందూ ఇల్లాలు బిందెడు పసుపునీళ్లు ఘటం మోసేవాళ్ల కాళ్ల మీద పోస్తుంది. ఇల్లు దాటేసరికి కాలు చల్లబడుతుంది, మళ్లీ కాలే లోపు పక్కిల్లు వస్తుంది. భక్తీ, ఇంజనీరింగూ రెండూ ఉన్నాయి ఇందులో.

ఆ ఏడు నీళ్లే లేవు. బోరింగు దగ్గడం కూడా మానేసింది. మొదటి ఇంటావిడ చెంబుతో పోసింది. రెండో ఇంటావిడ గ్లాసుతో. ఆ తర్వాత ఒకావిడ వేపమండ ముంచి నాలుగు చుక్కలు చిలకరించి, సిగ్గుతో తలుపు చాటుకి వెళ్లిపోయింది. అమ్మ నడక మారడం నేను చూశాను. ముందు నిమ్మళంగా ఉన్నది, కొంచెం వేగంగా అయ్యింది, తర్వాత కాలు కింద పెట్టీ పెట్టకుండా అయ్యింది. జనం అమ్మవారు ఒంటి మీదకొస్తోందని దండాలు పెట్టడం మొదలెట్టారు. డప్పులవాళ్లు కూడా వేగం పెంచారు.

వీధి మొగలో కుళాయి ముందు అమ్మ ఆగిపోయింది. డప్పులు రెండడుగులు ముందుకెళ్లి, తెలుసుకుని, అవీ ఆగాయి.

"ఏరా," అంది అమ్మ.

ఎవరినో అర్థం కావడానికి అందరికీ ఒక క్షణం పట్టింది. అమ్మ చూపు పెదనాన్న మీద ఉంది. పెళ్లయి వచ్చిన నాటినుంచి ఆయనతో ఆవిడ నేరుగా పలికిన మొదటి మాట అది.

"ఏరా, ఈ గుడ్డ కట్టినోడివి నువ్వేనా?"

పెదనాన్న రెండు చేతులూ జోడించాడు. "నానే తల్లీ."

"నా పేరు సెప్పి కట్టినావు. నా కాళ్లకి సుక్క నీళ్లు లేవు. ఏటి సెయ్యమంటావు?"

మావయ్య సందు చూసి ముందుకొచ్చాడు. "నాను ఎప్పుడో సెప్పినాను తల్లీ, ఈ బావే ఇన్లేదు..."

"నువ్వు నోరు ముయ్యి. నీది రాయి ఎనకపక్క."

మావయ్య కూడా చేతులు జోడించాడు. అమ్మ ఎడమ చెయ్యి పైకి లేవదు గానీ, కుళాయి ఉన్న ఎత్తుకి బాగానే అందుతుంది. ముడి ఒక్క లాగు లాగింది. పసుపుగుడ్డ కింద పడింది. కుళాయి తిప్పింది. లోపల్నుంచి కాస్త గాలి వచ్చి ఆగిపోయింది. వాల్వు మూసి ఉంది మరి.

జనమంతా లైన్‌మన్ కోసం చూశారు. పులిహోర కోసం వచ్చిన ఆ పెద్దాయన వెనక వరసలో నిలబడి ఉన్నాడు. నేను వెళ్లి, "బాబా, ఆర్డర్ ఆయా," అన్నాను. ఆయన ఘటం వైపు చూశాడు, దాని కింద మా అమ్మ మొహం వైపు చూశాడు.

"ఇస్‌సే ఊపర్ కౌన్ హై?" అని గొణుక్కుంటూ తాళంచెవి కోసం ఇంటికి పరిగెత్తాడు. దీనికంటే పైన ఎవరున్నారని. ఆ వయసులో ఆయన పరిగెత్తడం ఎవరూ చూసి ఉండరు.

ఆయన వచ్చేదాకా అమ్మ అదే చోట కాలు మార్చి కాలు నిలబడింది. పక్కనే పడున్న మంత్రుల పలక మీద కాస్త నీడ ఉంటే దాని మీదకెక్కింది. పైకి ఉన్నది ఏ వైపో ఇద్దరు నాయకులూ తొంగి చూశారు. అప్పుడు కుళాయి బుస్సుమంది, దగ్గింది, ఎర్రగా ఉమ్మింది, ఆ తర్వాత తెల్లటి నీళ్లు పడ్డాయి. ఎవరో బిందె పట్టారు. మొదటి బిందె ఎత్తి అమ్మ కాళ్ల మీద పోసింది పెదనాన్న. తమ్ముడి పెళ్లాం కాళ్ల మీద. రెండోది మావయ్య పోశాడు. కొన్ని చుక్కలు తన బిందెవే ముందు పడ్డాయని ఈనాటికీ ఆయన వాదన.

సాయంత్రం అమ్మ కాళ్లకి వెన్న రాసుకుంటుంటే పక్కన కూర్చుని అడిగాను. "అమ్మా, నిజం చెప్పు. నిజంగా అమ్మవారు వచ్చిందా?"

"ఏమోరా. కాళ్లు కాలిపోతన్నాయి."

మర్నాడు పెదనాన్న వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నిన్నటి సంగతి ఆయన ఎత్తలేదు. అమ్మ గుమ్మం పక్కకొచ్చి కొంగు సర్దుకుంది. "మీ పెదనాన్నని అడగరా, టీ తాగుతాడేటో." నేను తల తిప్పాను. "తాగుతానని సెప్పు," అన్నాడాయన. నేను తల ఇటు తిప్పాను.

ఆ తర్వాత మంత్రులు వచ్చారు, పోయారు. కొన్నేళ్లకి రాష్ట్రం కొంచెం కుదురుకుంది. నేను థర్డ్ క్లాసులో పాసయ్యాను. అమ్మవారి స్థాయికి అది తక్కువే గానీ, ఆవిడ ఆ రోజు వేరే పనిలో ఉంది. అమ్మ భుజం పూర్తిగా బాగవలేదు. చెయ్యి చెవి దాటింది, నడినెత్తి దాకా రాదు. ముడి మాత్రం తల వంచకుండానే వేసుకుంటోంది. మంత్రుల పలక ఆవిడ బట్టలుతికే రాయి అయింది. మా మంత్రి మీద బండబాదుడేమిటని మావయ్య ఒకసారి అడిగితే, అక్షరాలున్న చోట సబ్బు జారదని చెప్పింది. తేదీ చోటు రెండు వైపులా ఖాళీగానే ఉంది.

కుళాయికి నీళ్లు పొద్దున్నే ఒక గంట వస్తాయి. పూర్తిగా తిప్పకూడదు, వాషర్ పోతుంది.